ఆరో నంబరు గదిలో ప్రజ్ఞా ద్రవ్యం

మా జిల్లా బాలల ఎదుగుదల కేంద్రంలో ఆరో నంబరు గది ఒకటి ఉంది. గోడల మీద ఎవరో ఎప్పుడో వేసిన ఏనుగుల బొమ్మలు, కింద చాప, చాప మీద బొమ్మల కార్డులున్న అట్టపెట్టె. మంగళ, శుక్రవారాల్లో ఎస్తేరు రాణి గారు ఆ చాప మీద కూచుని మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పేవారు. ఆవిడ ఉద్యోగం పేరు స్పీచ్ థెరపిస్టు. జిల్లా మొత్తానికి ఆవిడ ఒక్కరే. ఆ గదికి ఎదురుగా ఉన్న ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు గవర్రాజు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో నా చేతిలోంచి పొరపాటున ఒక్క ఫైలు కూడా పోలేదు. పోయినవన్నీ కావాలనే పోయాయి.

ఆ గదికి వచ్చే పిల్లల్లో లోవరాజు ఒకడు. ఏడేళ్లవాడు, ఆటిజం ఉంది. తల్లి సత్యవేణి మా వీధి చివర బట్టలు కుడుతుంది. వాడికి ఏదైనా ఇష్టం లేకపోతే ఆ సంగతి చెప్పడానికి నోట్లో మాట లేదు. అందుకని తన చెయ్యి తనే కొరుక్కునేవాడు. ఎడమ మణికట్టు మీద పాత పళ్లగాట్లు మానేలోపే కొత్తవి పడేవి. ఎస్తేరు గారు నాలుగు నెలలుగా వాడికి ఒకే ఒక్క మాట నేర్పుతున్నారు. "వద్దు" అన్న మాట.

"ముందు 'అమ్మా' అండం నేర్పొచ్చు కదండి," అని సత్యవేణి ఒకసారి అడిగింది.

"అమ్మ తరవాత నేర్పుతానమ్మా. ముందు వద్దనడం రావాలి. అది వస్తే చెయ్యి కొరుక్కోడం ఆగుతుంది. రెండో మాట అమ్మే. నాది పూచీ," అన్నారు ఎస్తేరు గారు.

అప్పటికి లోవరాజుకి "వ" దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం దృష్టి పిల్లల పేగుల మీద పడింది.

విషయం ఏమిటంటే, మనిషి పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయట. ఆరోగ్యవంతుడి మలంలోంచి వాటిని వేరుచేసి, శుద్ధిచేసి, ఆటిజం ఉన్న పిల్లల పేగుల్లోకి చేరిస్తే ఏమైనా మేలు ఉంటుందా అని ఎక్కడెక్కడో పరీక్షలు చేస్తున్నారట. చేసేవాళ్లే ఇంకా ఏమీ తేలలేదంటున్నారు. మా శాఖలో ఒక పెద్ద అధికారి ఈ విషయం మీద విదేశంలో జరిగిన మూడురోజుల సదస్సుకి వెళ్లారు. మొదటిరోజు ఉపన్యాసాలు విని, మిగతా రెండురోజులూ ఊరు చూసి వచ్చారు. ఏమీ తేలలేదన్న సంగతి రెండోరోజు చెప్పారట.

ఆయన వచ్చిన నెలలోపే "అంతర్జ్యోతి పథకం" అని జీవో వచ్చింది. దాన్ని మా జిల్లాలో నడిపే భారం డిప్యూటీ డైరెక్టరు ముకుందరావు గారి మీద పడింది. ఆయన మామూలుగా మాట్లాడటం నేను ఒక్కసారే విన్నాను, కారు తలుపులో వేలు నలిగినప్పుడు. మిగతా వేళల్లో ఆయన నోట్లోంచి వచ్చేది నేరుగా ఫైల్లో అతికించుకోవచ్చు.

మొదటి సమావేశంలోనే ఆయన అన్నారు: "పదజాలం విషయమై తగు జాగ్రత్త వహించవలసి ఉన్నది. మలము అను పదం ఇకమీదట మన దస్త్రాలలో కనబడరాదు. ప్రజ్ఞా ద్రవ్యం అని వ్యవహరించవలెను."

ఎస్తేరు గారు లేచి, "ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉందంటున్నారు కదండి," అన్నారు.

"పరిశోధన దశలో ఉన్నది విషయము. అమలు దశలో ఉన్నది పథకము. ఈ రెంటినీ కలపరాదు."

ఆ తరవాత దాతల ఎంపిక. డాక్టర్లు పంపిన జాబితా చాలా తేలిగ్గా ఉంది. దాతకి మంచి జీర్ణశక్తి ఉండాలి, ఈమధ్య యాంటీబయాటిక్ మందులు వాడి ఉండకూడదు, పేగుల జబ్బులు ఉండకూడదు, నిద్ర సరిగ్గా పోవాలి. ఆ లెక్కన మా ఆఫీసు మొత్తంలో అర్హత వచ్చింది వాచ్‌మన్ సింహాచలానికి ఒక్కడికే. నిద్ర విషయంలో అతనికి పోటీ కూడా లేదు. కాని అతను ఏడో తరగతి తప్పాడని తెలిసి ముకుందరావు గారు ఫైలు తిప్పికొట్టారు.

"ఆరోగ్యవంతుని ద్రవ్యం వలన ఆరోగ్యం కలుగును. మనకు కావలసినది ప్రజ్ఞ. ప్రజ్ఞకు సర్వత్రా ఆమోదం పొందిన కొలమానమేది? ర్యాంకు," అన్నారాయన.

మా ఊళ్లో ర్యాంకు మాట ఎత్తాక ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో వందలోపు ర్యాంకు వచ్చినవాళ్లే దాతలని తీర్మానం అయింది. దరఖాస్తుకి మార్కుల జాబితా, సత్ప్రవర్తన పత్రం, నివాస ధ్రువపత్రం, రెండు పాస్‌పోర్టు ఫొటోలు జతచేయాలి. ద్రవ్యం వేరేవాళ్లది కాదనడానికి రుజువేమిటన్న ప్రశ్న వచ్చింది. మన దేశంలో దేనికైనా రుజువు గెజిటెడ్ అధికారి సంతకమే కాబట్టి నిబంధన పన్నెండు కింద ఇలా చేర్చాం: "ప్రతి నమూనా మీద, నా సమక్షంలో వెలువడినదని ధ్రువీకరించడమైనది అని వేరే శాఖకు చెందిన గెజిటెడ్ అధికారి సంతకం ఉండవలెను." నిబంధన పద్నాలుగు ప్రకారం, నమూనాలు దాచే ఫ్రీజరుకి ఒకసారి లక్క సీలు పడ్డాక, దాన్ని విప్పడం కూడా అలాంటి అధికారి ఎదుటే జరగాలి. రెండూ నేను రాసినవే. వాక్యనిర్మాణం బాగుందని సార్ మెచ్చుకున్నారు, నేను కూడా పొంగిపోయాను.

ఫ్రీజరు వచ్చింది. మనిషి పడుకోగలిగినంత పొడుగుంది. ఏ గదిలోనూ పట్టలేదు, ఆరో నంబరులో పట్టింది. చాప, అట్టపెట్టె వరండాలో సైకిళ్ల పక్కకి వచ్చాయి. ఎస్తేరు గారికి డెప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది.

ఆ తరవాతి సోమవారం, అర్జీల రోజున, సత్యవేణి నా టేబులు ముందు నిలబడింది. లోవరాజు ఆవిడ కొంగు పట్టుకుని నా పంకాకేసి చూస్తున్నాడు.

"ఎస్తేరమ్మగారు ఎప్పుడొత్తారండి?"

"ఆవిడ డెప్యుటేషన్ మీద వెళ్లారమ్మా. కాలేజీ హాస్టలుకి. అక్కడ దాతలకి ప్రోత్సాహం ఇవ్వాలి."

"ఏం దాతలండి?"

పథకం అంతా చెప్పాను. వీలైనంత గౌరవంగానే చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది.

"అంటే ఎవరో కుర్రోడు దొడ్డికెళితే, అది తెచ్చి మావోడి కడుపులో ఎడతారాండి?"

"అలా అనకూడదమ్మా. ప్రజ్ఞా ద్రవ్యం."

"పేరేదైతే ఏటిలెండి. అది ఎడితే వద్దండం వత్తాదాండి?"

ఈ ప్రశ్న నేను సార్ ముందు పెట్టాను. పథకం లక్ష్యాల్లో "వద్దు" లేదని, "సమగ్ర వికాసం" ఉందని రాసి పంపారు. ఆ కాగితం సత్యవేణికి ఇచ్చాను. ఆవిడ దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది, పనికొచ్చే కాగితం అనుకుని. నాకు సిగ్గేసింది.

మొదటి దాతగా ఎంపికైన కుర్రాడు ఫణీంద్ర. రాష్ట్రంలో పదకొండో ర్యాంకు. ఇంకా పెద్ద పరీక్ష ఉంది కాబట్టి కోచింగ్ కాలేజీ హాస్టల్లోనే ఉంచారు. మేం పొద్దున్నే వెళ్లాం. అంబులెన్సు, ముందు పోలీసు జీపు, వీడియో తీసేవాడు, వేరే శాఖ గెజిటెడ్ అధికారిగా పశువైద్యాధికారి గారు. మిగతా శాఖల అధికారులందరూ ఆ రోజు సెలవు పెట్టారు. ఈయనకి మాత్రం వృత్తిరీత్యా అభ్యంతరం కనపడలేదు.

చిక్కు ఏమిటంటే ఫణీంద్రకి నాలుగు రోజులుగా విరేచనం కాలేదు.

"నలభైమందికి ఆరు బాత్రూములండి. ఒక్కొక్కళ్లకి తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఫార్ములా షీటు కూడా చదవాలండి," అన్నాడు వాడు, గోడకేసి చూస్తూ. పదిహేడేళ్లకే కళ్ల కింద నలుపు, బొమికల మీద వేలాడే చొక్కా.

"దీనిని వ్యక్తిగత విషయముగా పరిగణించరాదు. జిల్లా ప్రతిష్ఠ నీమీద ఆధారపడి ఉన్నది," అన్నారు ముకుందరావు గారు.

వాడు లోపలికి వెళ్లాడు. మేం బయట నిలబడ్డాం. ప్రిన్సిపాల్ గారు బల్ల మీద గడియారం పెట్టుకుని కూచున్నారు. పదకొండయింది. ఒంటిగంటయింది. ముకుందరావు గారు తలుపు దగ్గరికి వెళ్లి, పనుల పురోగతి ఎంతవరకు వచ్చిందని విచారించారు. లోపల్నించి ఏడుపు వినపడింది.

అప్పుడు ఎస్తేరు గారిని పిలిచారు. రాని మాటలు రప్పించే మనిషి కాబట్టి ఇది కూడా రప్పించగలదని సార్ అంచనా. ఆవిడ మా అందరినీ గేటు అవతలికి పొమ్మన్నారు. ఫణీంద్రని బయటికి తీసుకొచ్చి, ఎండలో గ్రౌండు చుట్టూ నడిపించారు, బొప్పాయి ముక్కలు తినిపించారు. ఏం మాట్లాడారో వినపడలేదు గాని వాడు ఒకసారి నవ్వాడు. మర్నాడు పొద్దున్న ఆరుంబావుకి పని అయింది. పశువైద్యాధికారి గారు సంతకం పెట్టి, స్టాంపు కూడా వేశారు. అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ ఊరి నడిబొడ్డు నుంచి వచ్చింది. జనం పక్కకి తప్పుకున్నారు, ఎవరికో గుండె తీసుకెళుతున్నారనుకుని.

ల్యాబు రిపోర్టు వచ్చింది. దాతకి పేగుపూత ఉంది, ఆ నెలలో రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాడు, వైద్యపరంగా అనర్హుడు. దాని మీద ముకుందరావు గారు పచ్చసిరాతో రాసిన నోటు ఇప్పటికీ నాకు కంఠతా ఉంది: "పదకొండవ ర్యాంకు దృష్ట్యా మినహాయింపు ఇవ్వడమైనది."

పథకం సంగతి బయటికి పొక్కాక ఊరు ఊరుకోలేదు. కోచింగ్ కాలేజీలు హోర్డింగులు పెట్టాయి. ర్యాంకర్ల ఫొటోలు వేసి, "మీ బిడ్డలో మా ప్రతిభ" అని రాశారు. ఏ ఇబ్బందీ లేని పిల్లల తల్లిదండ్రులు కూడా మా ఆఫీసు ముందు బారులు తీరారు, వాళ్లవాడు లెక్కల్లో వెనకబడ్డాడని. ఉద్యోగుల పిల్లలకి కోటా కావాలని సంఘం వినతిపత్రం ఇచ్చింది. పక్క జిల్లా ర్యాంకరుది మన జిల్లా పిల్లలకి ఎలా ఎక్కిస్తారని ఒకాయన స్థానికత మీద ధర్నాకి కూచున్నాడు.

ఈ హడావిడిలో నేను ఒకటి గమనించాను. ఎస్తేరు గారు హాస్టలు నుంచి రిజిస్టరు తేవడానికి రోజూ ఒంటిగంటకి ఆఫీసుకి వస్తున్నారు. భోజన విరామంలో సైకిళ్ల వెనక చాప పరుస్తున్నారు. అక్కడ లోవరాజు ఉంటున్నాడు. వాడికి తడిగుడ్డ ఒంటికి తగిలితే పడదు. ఆవిడ తడిగుడ్డ దగ్గరికి తెచ్చి, వాడి చెయ్యి నోటిదాకా వెళ్లేలోపు, "వద్దు" అని వాడి తరఫున తనే అని, వెంటనే గుడ్డ తీసేసేవారు. మళ్లీ తెచ్చేవారు. మళ్లీ "వద్దు". పూటకి ముప్ఫై, నలభై సార్లు. ఆవిడ క్యారేజీ మూత తీసినట్టు నేనెప్పుడూ చూడలేదు. భోజన విరామంలో ఉద్యోగి భోజనమే చేయాలని రూల్సులో ఉందేమో చూశాను. లేదు. కిటికీ తలుపు దగ్గరికి వేసి, నా పెరుగన్నం నేను తిన్నాను.

ప్రారంభోత్సవానికి మొదటి లబ్ధిదారుడిగా లోవరాజుని ఎంపిక చేశారు. కారణం ఏమీ లేదు, అక్షరక్రమంలో ఉన్న ఫైళ్ల కట్ట తిరగబడి వాడిది పైకి వచ్చింది. అంగీకారపత్రం మీద సంతకానికి సత్యవేణిని పిలిచాం.

"పెట్టకపోతే ఏటవుద్దండి?"

"పేరు రిజిస్టరు నుంచి తీసేస్తారమ్మా. పేరు లేకపోతే ఇక్కడ ఏ సేవకీ అర్హత ఉండదు. స్పీచ్ థెరపీకి కూడా."

"ఆ పెద్ద ర్యాంకు కుర్రోడికి ఒంట్లో బాలేదని అనుకుంటన్నారు. నిజవేనాండి?"

నేను అంగీకారపత్రం ఆవిడ ముందుకి జరిపాను. పేగుపూత రిపోర్టు నా సొరుగులోనే ఉంది. ఆవిడ నా ముఖం చూసి, కళ్లు తుడుచుకుని, సంతకం పెట్టింది. పంతొమ్మిదేళ్లలో నేను చేసిన పనుల్లో ఇంతకన్నా నీచమైంది లేదు.

సభ పెద్దగా జరిగింది. డప్పులు, మైకులు, దీపం, ముఖ్య అతిథి. శుద్ధిచేసిన ద్రవ్యాన్ని చాక్లెట్ పాలలో కలిపి వెండికప్పులో పోశారు. లోవరాజుని కుర్చీలో కూచోబెట్టారు. ఆ చప్పుడుకి వాడు ఒళ్లంతా బిగదీసుకుపోయాడు. ముఖ్య అతిథి కప్పు పట్టుకుని వాడి మూతి దగ్గరికి తెచ్చారు. ఫొటో కోసం అక్కడే ఆపారు. లోవరాజు ఎడమచెయ్యి నెమ్మదిగా నోటివైపు లేచింది. స్టేజీ కింద ఎస్తేరు గారు లేచి నిలబడ్డారు. చెయ్యి సగం దారిలో ఆగింది.

"వద్దు," అన్నాడు లోవరాజు.

మైకు దగ్గరే ఉంది. మైదానం అంతా వినపడింది. డప్పులవాళ్లు ఆపేశారు. ముఖ్య అతిథి ఏమీ తోచక కప్పు ఇంకొంచెం ముందుకు తెచ్చారు.

"వద్దు," అన్నాడు మళ్లీ. చెయ్యి కిందికి దించేశాడు.

సత్యవేణి స్టేజీ ఎక్కి వాణ్ని పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. "వద్దంటన్నాడు కదండి పిల్లోడు. ఆపెయ్యండి," అంది. పిల్లవాడికి మాట వచ్చిందని అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. కప్పు సంగతి ఎవరికీ పట్టలేదు. దాన్ని నేనే తీసుకెళ్లి ఫ్రీజరులో పెట్టాను.

ఆ సాయంత్రమే ముకుందరావు గారు రిపోర్టు రాయించారు. "ద్రవ్యం సేవించకముందే, కేవలం సమీపించినంత మాత్రాన బాలునికి వాక్కు సిద్ధించినది," అని చెప్పి, "దీనిని సామీప్య ప్రభావముగా నమోదు చేయవలెను," అన్నారు. ఆ లెక్కన ద్రవ్యం ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. పిల్లల్ని వారానికి రెండుసార్లు ఫ్రీజరు పక్కన కూచోబెడితే చాలు. మూత తెరిస్తే ప్రభావం తగ్గవచ్చు కాబట్టి ఫ్రీజరుకి లక్కతో సీలు వేయాలి. పథకం విజయం నూటికి నూరు శాతం. లబ్ధిదారుడు లోవరాజు స్వస్థత పొందినందున అతని పేరు రిజిస్టరు నుంచి తొలగించాలి.

సోమవారం సత్యవేణి వచ్చింది. అర్జీ ఎవరిచేతో రాయించి తెచ్చింది.

"మావోడికి నయమైపోయిందని రాసేరంట. నయం కాలేదండి. ఒక్క మాట వచ్చిందండి, అంతే. చెయ్యి కొరుక్కోటం లేదు, దానికి మీకు దణ్నం పెడతాను. ఇంకో మాట ఉందండి. ఎస్తేరమ్మగారు పూచీ పడ్డారు. మావోణ్ని మళ్లా జబ్బులో రాయండి బాబూ."

స్వస్థుణ్ని తిరిగి అస్వస్థుడిగా నమోదు చేసే ఫారం మా దగ్గర లేదు. ఆ మాట చెప్పలేక, చూస్తానన్నాను.

రెండురోజులకి ఎస్తేరు గారి మీద ఛార్జిమెమో రాయమని సార్ చెప్పారు. భోజన విరామంలో ఆవిడ పిల్లవాడికి మాటలు నేర్పుతున్న సంగతి ఎవరో చేరవేశారు. "ఇట్టి చర్య పథకపు ఫలితములను కలుషితం చేయుచున్నది. పథకం వలన రావలసిన మాటలను మీరు ముందుగానే నేర్పివేసినచో బాధ్యులెవరు? ఏడు రోజులలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." మెమో నేనే రాశాను. ఒక్క తప్పు లేదు.

ఎస్తేరు గారు నా ముందే నిలబడి చదివారు. నా పెన్నే అడిగి తీసుకుని, వెనక జవాబు రాశారు: "వద్దు అనే మాట నేర్పింది నేనే. ఇంకొక మాట బాకీ ఉన్నాను. అది వచ్చాక సంజాయిషీ ఇస్తాను."

ఆ జవాబు సార్ దగ్గరికి వెళితే ఆవిడ సస్పెండు అవుతుంది. ఆ రోజే ఫ్రీజరుకి సీలు వేయాలి. సీలు వేసే పని నాదే. మూత తీసి, పదకొండో ర్యాంకు సీసా పక్కన, వెండికప్పు కింద, ఆ జవాబుతో సహా ఎస్తేరు గారి ఫైలు పడుకోబెట్టాను. మూత వేసి, లక్క కరిగించి, నాలుగు మూలలా సీలు కొట్టాను.

తరవాత కూచుని ఒక ఉత్తర్వు తయారుచేశాను. సామీప్య ప్రభావానికి పిల్లల్ని కూచోబెట్టేందుకు చాప ఒకటి కావలెను. వారు కదలకుండా చూసేందుకు పర్యవేక్షకురాలు ఒకరు కావలెను, పిల్లల అలవాట్లు తెలిసినవారైతే మేలు. పథకం సత్ఫలితాలు చూపేందుకు, ఇప్పటికే స్వస్థత పొందిన నిదర్శన బాలుడొకడు ప్రతి మంగళ, శుక్రవారాల్లో హాజరు కావలెను. సార్ ఒక్క అక్షరం కొట్టకుండా సంతకం పెట్టారు. "నిదర్శన బాలుడు, పదం బాగున్నది," అన్నారు.

నెల తరవాత ఎస్తేరు గారి ఫైలు ఏమైందని సార్ అడిగారు. ఫ్రీజరులో భద్రంగా ఉందని, నిబంధన పద్నాలుగు ప్రకారం వేరే శాఖ గెజిటెడ్ అధికారి వస్తే తీస్తానని చెప్పాను. పశువైద్యాధికారి గారు అప్పటికే బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. మిగతా శాఖలకి మూడుసార్లు ఉత్తరాలు రాశాం, ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆరో నంబరు గదిలో ఫ్రీజరు గుర్రుమంటూ ఉంటుంది. పక్కనే చాప, చాప మీద అట్టపెట్టె. కొత్త పిల్లవాడొకడు నీళ్ల బొమ్మ కార్డు ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. దానికి కూడా నేను సామీప్య ప్రభావమనే రాస్తున్నాను. పక్క జిల్లాలు మా ఫ్రీజరు చూసి వెళుతున్నాయి, ముకుందరావు గారికి అవార్డు వస్తుందంటున్నారు. రేపు లోవరాజు "అమ్మా" అన్నా ఆ ఘనత ఫ్రీజరుకే పోతుందని ఎస్తేరు గారితో అన్నాను.

"రాసుకోండి గవర్రాజు గారు. వాడు పిలిచేది ఫ్రీజర్ని కాదు కదా," అన్నారావిడ, కార్డులు సర్దుకుంటూ.

మొన్న శుక్రవారం లోవరాజుకి "అ" వచ్చింది. అప్పట్నుంచి సత్యవేణి మంగళ, శుక్రవారాల్లో కుట్టుమిషను మూసేసి వస్తోంది. తలుపు పక్కన నేలమీద కూచుంటుంది. మిగతా సగం వచ్చే వేళకి తను అక్కడ ఉండాలట.